1/10 ఎలక్ట్రిక్ రేసింగ్ బగ్గీని కిట్ నుంచి కట్టడం: సమగ్ర మార్గదర్శి

రేడియోతో దూరం నుంచి నడిపే (ఆర్‌సీ) చిన్న రేసింగ్ కారు కిట్ పెట్టె తెరిస్తే లోపల కారు ఉండదు. నంబర్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు, వాటి నిండా స్క్రూలు, వాషర్లు, గేర్లు, ఒక అల్యూమినియం చాసీ, రంగు వేయని బాడీ, ఒక మాన్యువల్ ఉంటాయి. మోటారు, బ్యాటరీ, రేడియో ఏవీ ఉండవు. చాలా కిట్లలో టైర్లు కూడా ఉండవు. ఏ స్క్రూ ఎక్కడ పడుతుందో మాన్యువల్ చక్కగా చూపిస్తుంది. ఎంత బిగించాలో, బిగించాక చేతికి ఎలా తగలాలో మాత్రం బొమ్మల్లో కనిపించదు. ఒకే కిట్ కొన్న ఇద్దరి బగ్గీలు ట్రాక్ మీద వేరువేరుగా నడిచేది అందుకే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ బిగింపుల గురించి, ఆ చేతి తగులుడు గురించే.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకోండి. కదలాల్సిన ప్రతి భాగం తన బరువుకే కదలాలి, కదలకూడనిది అసలు కదలకూడదు, ఎడమ వైపు ఎలా ఉందో కుడి వైపూ అలాగే ఉండాలి. ప్రతి దశ పూర్తయ్యాక దీన్ని చేత్తో పరీక్షించండి. తేడా ఉంటే అక్కడే సరిచేసి, ఆ తర్వాతే తరువాతి కవరు చించండి.

ఏ కిట్ తీసుకోవాలి

ఇక్కడ చెప్పేదంతా 1/10 స్కేలు (అసలు కారులో పదో వంతు సైజు), వెనక రెండు చక్రాలకే డ్రైవ్, మధ్యలో మోటారు ఉండే బగ్గీ గురించి. ఈ తరగతికి దారి వేసింది 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ తెచ్చిన ఆర్‌సీ10. అప్పట్లో మోటారు వెనక ఇరుసుకు అవతల వేలాడేది. పట్టు ఎక్కువగా ఉండే కార్పెట్, బంకమట్టి ట్రాక్‌లు పెరిగేకొద్దీ, 2010 దశకంలో మోటారు ఇరుసుకు ముందుకు, అంటే కారు మధ్యలోకి వచ్చేసింది. ఈ తరగతిలో అసోసియేటెడ్ బీ6, బీ7 వరుసలు, స్లొవేకియా కంపెనీ ఎక్స్‌రే చేసే ఎక్స్‌బీ2, ఇంగ్లండ్ కంపెనీ షుమాకర్ చేసే కూగర్, జపాన్ యోకోమో బగ్గీలు, టీఎల్‌ఆర్ 22 వరుస బాగా పేరున్నవి. నా ఉదాహరణలు బీ6 తరహా కారువి. మిగతావాటిలో కొలతలు మారతాయి, పని తీరు మారదు.

కొనేటప్పుడు బ్రాండు కన్నా ముందు చూడాల్సింది నేల. చాలా కంపెనీలు ఒకే కారును రెండు రకాలుగా అమ్ముతాయి: అసోసియేటెడ్ బీ6 వరుసలో బీ6.4 కార్పెట్‌కు, బీ6.4డీ మట్టికి వచ్చాయి. ఎక్స్‌రేలో ఎక్స్‌బీ2సీ, ఎక్స్‌బీ2డీ అని ఉంటాయి. మట్టి రకంలో గేరుబాక్సు కాస్త వెనక్కి వాలి, బరువు వెనక చక్రాల మీదకు వస్తుంది. మన దగ్గర ఎర్రమట్టి మీద, దుమ్ము లేచే ఖాళీ స్థలాల్లో నడిపేవాళ్లు కళ్లు మూసుకుని మట్టి రకమే తీసుకోండి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ముందు దగ్గర్లోని ట్రాక్‌కి ఒక ఆదివారం వెళ్లి, అక్కడ ఎక్కువమంది ఏ కారు నడుపుతున్నారో చూసి అదే కొనండి. విడిభాగం విరిగినప్పుడు ట్రాక్ దగ్గరి కొట్లో దొరికేది ఆ కారుదే. ఇండియాలో రేసు కిట్లు చాలావరకు బయటి నుంచి రావాల్సిందే. కస్టమ్స్ సుంకం కూడా లెక్కేసుకోండి. కిట్‌తో పాటే ముందు, వెనక ఆర్ములు (చక్రాలను చాసీకి కలిపే, పైకీ కిందకీ ఊగే చేతులు) ఒక్కో జత తెప్పించుకోండి, మొదట విరిగేవి అవే.

ఇంత ఖర్చు ముందే ఎందుకనుకునేవాళ్లు తమియా టీటీ-02బీ లాంటి చవక కిట్ కట్టి చేయి తిప్పుకోవచ్చు. పోటీల్లో అది నిలబడదు కానీ, గేర్లు, ఆర్ములు, స్టీరింగు ఎలా కూడతాయో బాగా నేర్పుతుంది.

విడిగా కొనాల్సినవి, పనిముట్లు

మోటారు సెన్సార్ ఉన్న బ్రష్‌లెస్ మోటారు అయి ఉండాలి. మొదటి కారుకు 17.5 టర్నుల (తీగచుట్టలోని చుట్ల) మోటారు చాలు. స్టాక్ తరగతి పోటీల్లో వాడేది కూడా ఎక్కువగా అదే. టర్నులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. 7, 8 టర్నుల మోటారుతో నేర్చుకోవడం మొదలుపెడితే కారు నడపడం కన్నా రిపేరు చేయడమే ఎక్కువవుతుంది. దానికి సరిపోయే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె), వేగంగా తిరిగే సర్వో (స్టీరింగును తిప్పే చిన్న మోటారు), 2.4 గిగాహెర్ట్జ్ పిస్టల్ రేడియో, రిసీవర్, రెండు సెల్లుల గట్టి పెంకు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, సెల్లులను సమానంగా నింపే చార్జర్ కావాలి. ఈ కార్లలో ఎక్కువగా పట్టేది షార్టీ అనే పొట్టి బ్యాటరీ. పొడవు బ్యాటరీ కొనే ముందు చాసీలో చోటు చూసుకోండి.

పనిముట్లలో పిసినారితనం పనికిరాని చోటు ఒక్కటే: హెక్స్ డ్రైవర్లు, అంటే ఆరు పలకల కొన ఉన్నవి. 1.5, 2, 2.5 మిల్లీమీటర్లవి గట్టి స్టీలువి కొనండి. చవక డ్రైవర్ కొన అరిగి స్క్రూ తలను గుండ్రం చేసేస్తుంది, ఆ స్క్రూ బయటికి తీయడం నరకం. 5.5, 7 మిల్లీమీటర్ల నట్టు డ్రైవర్లు, డిజిటల్ కాలిపర్, షాకు (కుదుపును పీల్చే నూనె గొట్టం) షాఫ్టులు పట్టుకునే ప్లయర్, పాలికార్బనేట్ బాడీ కోసే వంపు కత్తెర, నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు), టైర్ల జిగురు, 60 వాట్లకు తగ్గని సోల్డరింగ్ ఐరన్ కూడా ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సోల్డరు, వైర్లు, హీట్‌ష్రింక్ గొట్టాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. బేరింగులకైతే పెట్టె మీది ఆర్‌సీ పేర్లు వద్దు, సైజు చెప్పి అడగండి: 5×10×4 బేరింగు నంబరు ఎంఆర్105, 10×15×4 సైజుది 6700. ఈ నంబర్లు చెబితే రాణిగంజ్ లాంటి చోట బేరింగుల కొట్లలో వెతకొచ్చు.

బల్ల మీద లేత రంగు తువ్వాలు పరవండి. జారిన ఈ-క్లిప్పు (షాఫ్టు గాడిలో పట్టే E ఆకారపు చిన్న క్లిప్పు) దాని మీద పడితే దొర్లిపోదు, కళ్లకు కనిపిస్తుంది. ఒక్కో కవరులోని భాగాలకు ఒక చిన్న గిన్నె పెట్టుకోండి. రెండు కవర్లు ఒకేసారి చించొద్దు.

స్క్రూ బిగించే చేయి

అసలు కారు దగ్గరికి వెళ్లే ముందు స్క్రూల గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే కారంతా వాటి మీదే నిలుస్తుంది. దాదాపు అన్నీ 3 మిల్లీమీటర్ల మందం స్క్రూలే. పొడవులే వేరు. మాన్యువల్లో స్క్రూల బొమ్మలు చాలావరకు అసలు సైజులోనే ఉంటాయి, కాబట్టి చేతిలోది బొమ్మ మీద పెట్టి పోల్చండి. 8 వేయాల్సిన చోట 10 వేస్తే దాని కొన లోపల ఎక్కడో ఆర్మును తాకి, కారు ఎందుకు బిగుసుకుందో అర్థం కాదు.

లోహంలోకి వెళ్లే స్క్రూకు నీలం థ్రెడ్‌లాక్ ఒక చుక్క, అది కూడా చివరి రెండు మరలకే. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూకు థ్రెడ్‌లాక్ వద్దు. అక్కడ అది గట్టిపడదు, పైగా కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది. ప్లాస్టిక్ స్క్రూను మొదటిసారి దించే ముందు దాని కొనను సబ్బు ముక్క మీద ఒకసారి రుద్దండి, మరలు నునుపుగా తెగుతాయి. తల ఆనాక డ్రైవర్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు లోపే ఆపేయాలి. అదే స్క్రూను తీసి మళ్లీ వేసేటప్పుడు నేరుగా తిప్పొద్దు. ముందు మెల్లగా వెనక్కి తిప్పుతూ ఉంటే ఒకచోట టిక్కుమని చిన్నగా దిగుతుంది. పాత మర మొదలు అదే. అక్కడి నుంచి ముందుకు తిప్పితే స్క్రూ వేళ్ల బలానికే లోపలికి పోతుంది. ఈ అలవాటు ఉన్నవాడి కారులో ప్లాస్టిక్ భాగాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

డిఫరెన్షియల్

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ తిరగాలి. ఆ తేడాను పంచేది డిఫరెన్షియల్, పొట్టిగా డిఫ్. పాత కార్లలో బాల్ డిఫ్ ఉండేది, ఇప్పటి కిట్లలో చాలావాటికి నూనె నింపే గేర్ డిఫ్ వస్తుంది. పెంకు, లోపల రెండు పెద్ద గేర్లు, వాటి మధ్య చిన్న గేర్లు, వాటిని పట్టుకునే అడ్డ పిన్నులు, మూత, మధ్యలో రబ్బరు సీలు లేదా కాగితం గాస్కెట్.

అవుట్‌డ్రైవ్ షాఫ్టు (డిఫ్ నుంచి చక్రం వైపు వచ్చే కడ్డీ) ఓ-రింగులకు, అంటే రబ్బరు వలయాలకు, సిలికాన్ గ్రీజు బాగా పట్టించి వేయండి. ఎండు రింగు చిరిగితే మూడో పరుగుకే నూనె కారిపోతుంది. గేర్లు కూర్చాక మాన్యువల్ చెప్పిన సిలికాన్ నూనె పోయండి. వెనక డ్రైవ్ బగ్గీలకు 5000 నుంచి 10000 సీఎస్‌టీ (సెంటిస్టోక్స్, చిక్కదనం కొలత) మధ్య చిక్కదనం సరిపోతుంది. మట్టికి 5000 దగ్గర మొదలుపెట్టండి. చిక్కదనం తగ్గితే కారు మలుపులో తేలిగ్గా తిరుగుతుంది. పెరిగితే మలుపు దాటి గ్యాసు ఇచ్చేటప్పుడు (రేడియో ట్రిగ్గరుతో వేగం పెంచేటప్పుడు) నిటారుగా లాగుతుంది. నూనె అడ్డ పిన్నులు మునిగేంతవరకే పోయాలి. అంచు దాకా నింపితే మూత వేశాక ఒత్తిడి పెరిగి సీలు దగ్గర కారుతుంది. పోశాక షాఫ్టును నెమ్మదిగా తిప్పుతూ పది నిమిషాలు వదిలేయండి, గేర్ల సందుల్లో చిక్కిన గాలి పైకి వస్తుంది. వంటగది త్రాసు ఉంటే నూనె పోసిన డిఫ్‌ను తూచి బరువు రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడు విప్పి కట్టినా అదే బరువుకు నింపితే కారు అలాగే నడుస్తుంది.

మూత స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అయ్యాక రెండు అవుట్‌డ్రైవ్‌లను రెండు చేతులతో పట్టుకుని ఎదురు దిక్కుల్లో తిప్పండి. ఆముదంలో గరిటె తిప్పుతున్నట్టు ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో ఎక్కడైనా పళ్లు పట్టుకున్నట్టు తగిలితే మూత ఒరిగి ఉంది, లేదా ఒక గేరు వెనక షిమ్ (సన్నటి వాషర్) తప్పిపోయింది. విప్పండి.

గేరుబాక్సు, స్లిప్పర్

బేరింగులను వేలితోనే నొక్కి కూర్చోబెట్టాలి, సుత్తి తాకించొద్దు. వేలికి దిగకపోతే పెంకు లోపలి ప్లాస్టిక్ పీచును బ్లేడుతో గీకండి. డిఫ్, మధ్య గేరు, పై షాఫ్టు కూర్చి, పెంకు రెండు సగాలు మూసి, స్క్రూలు సగం బిగించి తిప్పి చూడండి. పూర్తిగా బిగించాక మళ్లీ తిప్పండి. రెండింటికీ తేడా తెలిసిందంటే ఏదో ఒక బేరింగు పూర్తిగా కూర్చోలేదు. గేర్లకు నల్ల గ్రీజు పల్చగా రాస్తే చాలు, ముద్దలు పెడితే మోటారు బలం తింటుంది.

పై షాఫ్టు మీద స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద పళ్ల చక్రం), దాని రెండు పక్కలా స్లిప్పర్ పలకలు, స్ప్రింగు, నట్టు ఉంటాయి. గ్యాసు ఒక్కసారిగా ఇచ్చినప్పుడు, జంపు నుంచి చక్రాలు తిరుగుతూ దిగినప్పుడు ఆ కుదుపు గేర్లకు తగలకుండా స్లిప్పర్ కొద్దిగా జారుతుంది. ప్రస్తుతానికి నట్టును మాన్యువల్ కొలతకు పెట్టండి, అసలు సర్దుబాటు ట్రాక్ మీద. పలకల మీద నూనె చేతులు పెట్టొద్దు.

చాసీ, ఆర్ములు

కిట్‌లో కార్బన్ ఫైబర్ టవర్లు (షాకుల పై చివరలు బిగించే పలకలు) ఉంటే, వాటి అంచులను మాస్కు కట్టుకుని తడి ఎమరీ కాగితంతో రుద్ది, సన్నగా సూపర్ గ్లూ పూయండి. లేకపోతే గుద్దుళ్లకు పొరలు విచ్చుకుంటాయి.

ఆర్ములు బిగించే దశలో తొందరపడొద్దు. హింజ్ పిన్నును (ఆర్ము ఊగే ఇరుసు కడ్డీని) ముందు అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే అల్లాడుతుంది. షాకు, లింకు ఏవీ తగిలించకముందు ఆర్మును అడ్డంగా పైకెత్తి వదలండి. టపీమని కిందకు పడాలి. మెల్లగా దిగినా, మధ్యలో ఆగినా ఒప్పుకోవద్దు. రంధ్రం బిగువుగా ఉంటే 3 మిల్లీమీటర్ల రీమర్‌తో (రంధ్రాన్ని నునుపు చేసే పనిముట్టుతో) ఒకసారి తిప్పి తీయండి, డ్రిల్లు పెడితే రంధ్రం పెద్దదైపోతుంది. మరీ వదులుగా ముందూ వెనకా ఆడుతుంటే సన్నటి షిమ్ వేయండి. కాగితం మందమంత ఆట ఉండొచ్చు, అంతకు మించి వద్దు. నాలుగు ఆర్ములకూ ఇదే పరీక్ష. బిగుసుకున్న ఆర్ము ఉన్న కారుకు ఎంత ఖరీదైన షాకు వేసినా గతుకుల మీద గెంతుతుంది.

వెనక ఆర్ముల హ్యాంగర్లలో (హింజ్ పిన్నులను చాసీకి పట్టి ఉంచే దిమ్మల్లో) వేసే చిన్న ప్లాస్టిక్ ఇన్సర్టులు వెనక చక్రాల టో కోణాన్ని, అంటే పై నుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని, నిర్ణయిస్తాయి. మామూలుగా ఒక్కో చక్రానికి 3 డిగ్రీలు లోపలికి. ఇన్సర్టు మీద చుక్క ఏ వైపు ఉండాలో బొమ్మలో రెండుసార్లు చూడండి. అది తిరగబడితే కారు ఒక పక్కకే లాగుతుంది, కారణం మాత్రం ఎవరికీ కనిపించదు.

చాసీ స్క్రూల చివరి బిగింపు మందపాటి గాజు పలక మీద పెట్టి చేయండి. అన్నీ వదులుగా దించి, కారును గాజు మీద అదిమి పట్టి, మధ్య నుంచి బయటికి బిగించుకుంటూ రండి. అలా చేస్తే చాసీ మెలి తిరగదు.

స్టీరింగు, టర్న్‌బకిళ్లు

టర్న్‌బకిల్ అంటే ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉన్న కడ్డీ. మధ్యలో స్పానరుతో తిప్పితే మొత్తం పొడవు మారుతుంది. ఎడమ మర వైపు చిన్న గాటు ఉంటుంది. కారులోని అన్ని టర్న్‌బకిళ్ల గాటూ ఒకే వైపు, ఉదాహరణకు అన్నీ ఎడమకే, ఉండేలా కూర్చండి. ట్రాక్ దగ్గర హడావుడిలో ఎటు తిప్పితే పొడవవుతుందో ఆలోచించక్కర్లేదు. పొడవులను కాలిపర్‌తో కొలిచి ఎడమా కుడీ సమానం చేయండి.

బాల్ కప్పును (లింకు చివరి ప్లాస్టిక్ గిన్నెను) బాల్ మీద నొక్కాక లింకును ఒక చివర పట్టి వేలాడదీసి ఊపండి, ఆగకుండా ఊగాలి. బిగువుగా ఉంటే కప్పును బాల్ మీదే ఉంచి ప్లయర్‌తో చుట్టూ ఒకసారి మెల్లగా నొక్కండి, వదులవుతుంది.

షాకులు

కారు నడకను షాకులంత మార్చేది టైర్లు తప్ప ఇంకేదీ లేదు. అందుకే ఈ దశను సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. నాలుగూ ఒకే విడతలో చేయండి.

షాఫ్టుకు ముందు పిస్టన్ తగిలించాలి. పిస్టన్ కింద, పైన ఈ-క్లిప్పులు. పిస్టన్ అల్లాడకూడదు. పిస్టన్‌లోని రంధ్రాల అంచుల్లో పీచు ఉంటే బ్లేడుతో తీయండి. ఆ రంధ్రాల గుండా నూనె పోయే తీరే షాకు పని. షాకు గొట్టం కింద సీళ్లు, స్పేసర్లు వేసేటప్పుడు ఓ-రింగులను సిలికాన్ గ్రీజులో ముంచి తీయండి. షాఫ్టు చివరి మరలు పదునుగా ఉంటాయి, పొడిగా తోస్తే సీలును కోసేస్తాయి. మరల మీద నూనె చుక్క వేసి, తిప్పుతూ, నెమ్మదిగా బయటికి తీయండి. షాఫ్టు కింద బాల్ ఎండ్ బిగించేటప్పుడు నున్నటి భాగాన్ని మామూలు ప్లయర్‌తో ఎట్టి పరిస్థితిలో పట్టొద్దు. ఒక్క గీత పడితే ఆ షాకు ఇక కారుతూనే ఉంటుంది. మెత్తటి దవడల షాకు ప్లయర్ ఇందుకే. కాలిపర్‌తో రెండు ముందు షాకుల పొడవు, రెండు వెనక షాకుల పొడవు సమానం చేయండి.

ఇక నూనె. ముందు 35 వెయిట్, వెనక 30 వెయిట్ మంచి ఆరంభం. అసోసియేటెడ్ లెక్కలో 35 అంటే 425 సీఎస్‌టీ, 30 అంటే 350. కంపెనీని బట్టి వెయిట్ లెక్క మారుతుంది, అందుకని సీసా మీద సీఎస్‌టీ సంఖ్య చూసి కొనండి. సిలికాన్ నూనె కూడా వేడికి పల్చబడుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో నడిపేటప్పుడు ఒక మెట్టు చిక్కటి నూనె వేయండి. చలిదేశంలో శీతాకాలం ఆరుబయట నడిపేవాళ్లు అందుకు భిన్నంగా తగ్గించాలి.

షాఫ్టును పూర్తిగా కిందకు లాగి, గొట్టాన్ని నిలబెట్టి, అంచుకు దగ్గరగా నూనె నింపండి. షాఫ్టును చాలా నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించండి. పిస్టన్ నూనెలోంచి బయటికి రాకూడదు. పిస్టన్ కింద నుంచి సన్నటి బుడగలు తీగలా పైకి లేస్తాయి. మళ్లీ కిందకు లాగి, బుడగలన్నీ పోయేదాకా వదిలేయండి. ఆ పది నిమిషాల్లో రెండో షాకు నింపుకోవచ్చు. మూతలో చిన్న బ్లీడ్ స్క్రూ ఉన్న రకమైతే, ఆ స్క్రూ తీసి మూత బిగించి, షాకును కొద్దిగా వంచి, షాఫ్టును నెమ్మదిగా పూర్తిగా పైకి తోయండి. మిగులు నూనె రంధ్రంలోంచి బయటికి వస్తుంది. షాఫ్టు పైనే ఉండగా స్క్రూ బిగించేయండి. ఇప్పుడు షాకును చెవి దగ్గర పెట్టుకుని ఆడించండి. మామూలు షాకులో చప్పుడు ఉండకూడదు. గాలి కలిపి నడిపే ఎమల్షన్ రకంలో మొదటి కొద్ది ఆడింపుల్లో చిన్న కిచకిచ సహజం.

చివరి పరీక్ష: ఎడమ, కుడి షాకులను కింది చివరలు ఎదురెదురుగా పెట్టి ఒకదానితో ఒకటి నొక్కండి. రెండూ ఒకే వేగంతో లోపలికి పోవాలి. ఒకటి ముందు మునిగిపోతే దాంట్లో నూనె తక్కువ, లేదా గాలి ఉంది. మళ్లీ నింపండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఒక జత సరిగ్గా కుదిరినప్పుడు చేతికి తెలిసే సమానత్వం కోసం నేను ఈ దశను ఎంతసేపైనా చేస్తాను.

సర్వో, ఈఎస్‌సీ, మోటారు

సర్వో హార్ను (సర్వో షాఫ్టు మీద పట్టే చిన్న చేయి) తగిలించే ముందే రేడియో, రిసీవర్, సర్వో కలిపి కరెంటు ఇచ్చి సర్వోను మధ్యకు తెచ్చుకోండి. ఆ తర్వాతే హార్ను. సర్వో పళ్ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది, ఫుటాబా పద్ధతిలో 25, సాన్వా, కేఓ పద్ధతిలో 23. తప్పు హార్నును బలవంతంగా నొక్కితే పళ్లు పోతాయి.

రిసీవర్, ఈఎస్‌సీలను దళసరి డబుల్ టేపుతో అతికించండి. అతికించే ముందు చాసీని స్పిరిట్‌తో తుడవాలి. మోటారుకు ఏ, బీ, సీ అని మూడు ట్యాబులుంటాయి, ఈఎస్‌సీ వైర్లు అదే క్రమంలో పోవాలి. సెన్సార్ మోటారులో కారు వెనక్కి నడుస్తోందని వైర్లు మార్చొద్దు, ఈఎస్‌సీ సెట్టింగులో దిశ మార్చాలి. సోల్డర్ చేసేటప్పుడు వైరు కొనకు విడిగా, ట్యాబుకు విడిగా ముందే సోల్డరు పూసి, తర్వాత రెండూ కలిపి ఐరన్ తాకిస్తే క్షణాల్లో కలిసిపోతాయి. అతుకు మెరుస్తూ ఉండాలి. గరుకుగా, మసకగా ఉంటే మళ్లీ వేడి చేయండి. బ్యాటరీ వైర్ల అతుకు వేసేటప్పుడు బ్యాటరీ ఆ గదిలోనే ఉండనక్కర్లేదు. ఎరుపు, నలుపు తారుమారైతే ఈఎస్‌సీ ఆ క్షణమే పోతుంది, బాగుపడదు.

మోటారు స్క్రూలు కిట్ చెప్పిన పొడవువే వాడండి, పొడవైనవి లోపలి తీగచుట్టను తాకుతాయి. పినియన్ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) గ్రబ్ స్క్రూ, అంటే తల లేని స్క్రూ, మోటారు షాఫ్టు చదును మీదే ఆనాలి, థ్రెడ్‌లాక్ తప్పనిసరి.

గేరు నిష్పత్తి లెక్క తేలికే. స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, గేరుబాక్సు లోపలి నిష్పత్తితో గుణించాలి. స్పర్ 72, పినియన్ 30, లోపలి నిష్పత్తి 2.6 అయితే 6.24. మోటారు కంపెనీ ఇచ్చిన సంఖ్య దగ్గర మొదలుపెట్టండి. పినియన్, స్పర్ మధ్య సందు కోసం నోటుబుక్కు కాగితం ముక్కను పళ్ల మధ్య పెట్టి తిప్పి, మోటారును దగ్గరికి నొక్కి బిగించి, కాగితం తీసేయండి. స్పర్ ఖచ్చితమైన గుండ్రం కాదు, అందుకని చుట్టూ నాలుగైదు చోట్ల ఆట చూడండి. అతి బిగువుగా తగిలే చోట కూడా కొంచెం టిక్ టిక్ ఉండాలి.

లైపో బ్యాటరీ

రెండు సెల్లుల లైపో నిండితే 8.4 వోల్టులు, అంతకు పైన చార్జ్ చేయడం ప్రమాదం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంపియర్లతో, బ్యాలెన్స్ తీగ తగిలించి, లైపో సంచిలో, మనిషి దగ్గర ఉండగానే చార్జ్ చేయాలి. ఈఎస్‌సీలో కటాఫ్ (మోటారును ఆపేసే వోల్టేజీ) సెల్లుకు 3.2 వోల్టులకు తగ్గకుండా పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని, పెంకు పగిలిన బ్యాటరీని ఇక వాడొద్దు. ఎండలో ఆపిన కారు డిక్కీలో లైపోను వదలడం మన వేసవిలో నేరుగా అగ్నిప్రమాదాన్ని పిలవడమే. పరుగు అయ్యాక చల్లారనిచ్చి చార్జ్ చేయండి.

రేడియో

కారును పెట్టె మీద ఎక్కించి చక్రాలు గాలిలో ఉంచి ఈ పని చేయాలి. ముందు రేడియో, తర్వాత కారు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు కారు ముందు, రేడియో తర్వాత. ఈఎస్‌సీకి న్యూట్రల్, పూర్తి గ్యాసు, పూర్తి బ్రేకు నేర్పండి. స్టీరింగు సబ్‌ట్రిమ్‌తో (రేడియోలో మధ్య స్థానాన్ని సర్దే సెట్టింగుతో) చక్రాలు నిటారుగా తెచ్చి, రెండు వైపులా చివరిదాకా తిరిగి సర్వో మూలుగు వినిపించని చోట పరిమితి పెట్టండి. ఫెయిల్‌సేఫ్‌ను (సిగ్నల్ పోతే కారు ఏం చేయాలో చెప్పే సెట్టింగును) బ్రేకుకు పెట్టి, రేడియో ఆపి చూసి నిర్ధారించుకోండి. ఇరవై మీటర్ల అవతల పిల్లలు నిలబడి చూస్తూంటారు, ఇది చేయకుండా ట్రాక్‌కి వెళ్లొద్దు.

బాడీ, టైర్లు

బాడీకి రంగు లోపలి వైపు వేస్తారు. గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టి, అద్దాలకు మాస్కులు అతికించి, ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత, పల్చటి పొరలుగా కొట్టండి. పాలికార్బనేట్ రంగే కావాలి, తమియాలో అయితే పీఎస్ వరుస. గట్టి ప్లాస్టిక్ రంగులు పెచ్చులూడతాయి. పైన ఉండే రక్షణ పొర చివర్లో తీయండి.

టైర్లను రిమ్ముకు అతికించే చోట రెండింటినీ స్పిరిట్‌తో తుడవాలి. లోపల ఫోమ్ మడత పడకుండా కూర్చోబెట్టి, అంచును కాస్త పైకి లాగుతూ పల్చటి సూపర్ గ్లూను నాలుగు చోట్ల చుక్కలుగా వేసి, అది పట్టాక చుట్టూ పూర్తి చేయండి. గాలాడే చోట చేయాలి, ఆవిరి కళ్లను మండిస్తుంది. వదులు మట్టికి చిన్న ముళ్లలాంటి పిన్నుల టైర్లు, నున్నగా అరిగిన బంకమట్టికి దాదాపు బోసి టైర్లు. ఏ ట్రాక్‌కి ఏ టైరో ఆ ట్రాక్ వాళ్లనే అడగండి, దాన్ని మించిన సలహా లేదు.

సెటప్, మొదటి పరుగు

బ్యాటరీతో సహా అన్నీ పెట్టి, కారును అడుగు ఎత్తు నుంచి రెండు మూడుసార్లు నేల మీద పడేసి, అప్పుడు చాసీ కింద ఎత్తు కొలవండి. మట్టికి 20 నుంచి 22 మిల్లీమీటర్లు, కార్పెట్‌కు 16 నుంచి 18. స్ప్రింగు కాలర్‌తో సర్దాలి, ఎడమా కుడీ కాలర్లు సమానంగా. కాంబర్ నాలుగు చక్రాలకూ మైనస్ 1 డిగ్రీ, అంటే పై భాగం కొద్దిగా లోపలికి. ముందు టో సున్నా, లేదా ఒక డిగ్రీ బయటికి. ఈ తరగతికి కనీస బరువు దాదాపు 1500 గ్రాములు, వెడల్పు గరిష్ఠంగా 250 మిల్లీమీటర్లు. పోటీకి వెళ్లేవాళ్లు త్రాసు మీద చూసుకోండి. ముందు వెనక మధ్య గీతల మీద కత్తి అంచులాంటిది పెట్టి కారును లేపితే ఒక పక్కకు ఒరగకూడదు. ఒరిగితే తేలిక వైపు సీసం బిళ్ల అతికించండి.

మొదటి పరుగు సగం గ్యాసుతో రెండు మూడు నిమిషాలే. ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు వేడి చూడండి. 75 డిగ్రీలు దాటితే పినియన్‌లో ఒకటి రెండు పళ్లు తగ్గించండి. వేసవిలో ముందే తగ్గించి మొదలుపెట్టడం మేలు. ఇప్పుడు స్లిప్పర్: నిలబడ్డ కారుకు ఒక్కసారిగా పూర్తి గ్యాసు ఇస్తే, మొదటి ఒకటి రెండు అడుగుల దాకా సన్నటి జారుడు చప్పుడు వినిపించి ఆగాలి. ఎక్కువసేపు వినిపిస్తే నట్టు ఎనిమిదో వంతు చుట్టు బిగించండి.

మొదటి బ్యాటరీ అయిపోయాక చక్రాల నట్టులు, మోటారు స్క్రూలు, సర్వో హార్ను, పినియన్ గ్రబ్ స్క్రూ ఒక్కొక్కటీ డ్రైవర్ పెట్టి చూడండి. కొత్త కారులో ఇవి వదులవుతాయి. షాకుల నూనెలో మొదటి పరుగుల లోహపు పొడి కలుస్తుంది, కొన్ని బ్యాటరీల తర్వాత మార్చేయండి. దుమ్మును బ్రష్‌తో, గాలితో పోగొట్టండి. నీళ్లు పోస్తే బేరింగులు తుప్పు పడతాయి.

నోటుబుక్కులో తేదీ, ట్రాక్ తడిగా ఉందా పొడిగా ఉందా, టైరు, నూనెలు, ఎత్తు, గేరు, మోటారు వేడి రాయండి. ఒక పరుగుకు ఒక మార్పే చేయండి. రెండు రోజుల్లో మళ్లీ నడిపే పని లేకపోతే బ్యాటరీని చార్జర్‌లో స్టోరేజ్ మోడ్‌కి పెట్టి, సెల్లుకు 3.8 వోల్టులకు తెచ్చి, సంచిలో పెట్టి, ఇంట్లో చల్లటి మూల దాచండి.